బాబాసాహెబ్ అంబేద్కర్ చిన్నప్పటి అర్ధణా ముచ్చట పిల్లల నాటికలో పెట్టొచ్చా?

దేవరకొండ_పోరడు:
అందరికీ జై భీమ్. మా ఊళ్లో ఏప్రిల్ 14 జయంతికి బడి పిల్లలతో అరగంట నాటిక వేయిస్తున్నాం, రాసింది నేనే. ఏటా ఒకటే కథ నడుస్తోంది. పుట్టిండు, బడిలో విడిగా కూర్చోబెట్టారు, అమెరికా పోయిండు, డిగ్రీల లిస్టు, రాజ్యాంగం, దండ, కొబ్బరికాయ, అయిపోయింది. మా పిల్లలకు విగ్రహం తెలుసు, మనిషి తెలియదు. అందుకని ఈసారి ఆయన చిన్నప్పటి ముచ్చట ఒకటి పెట్టాను. తల్లి భీమాబాయి చనిపోయింది, తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నారు, పిల్లాడికి అది అస్సలు నచ్చలేదు. ఈ ఇంట్లో ఉండేది లేదు, బొంబాయి పోయి మిల్లులో పని చేసుకుని బతుకుతా అనుకున్నాడు. రైలు ఛార్జీకి పైసల్లేవు. మేనత్త మీరాబాయి నడుముకు దోపుకునే డబ్బుల సంచి మీద కన్ను పడింది. రాత్రి ఆమె పక్కనే పడుకుంటాడు కదా, వరుసగా ప్రయత్నం చేశాడు, నాలుగో రాత్రికి చేతికి చిక్కింది, విప్పి చూస్తే అర్ధణా! అర్ధణాతో బొంబాయి ఎట్లా పోతాడు? అప్పుడే తీర్మానం చేసుకున్నాడు, ఈ పని వద్దు, కష్టపడి చదివి తొందరగా నా కాళ్ల మీద నేను నిలబడతా అని. ఇది ఎవరో అల్లింది కాదు, పెద్దయ్యాక ఆయన నోటితో ఆయనే చెప్పుకున్నది.

రిహార్సల్ చూసిన పెద్దమనుషులు ఆ సీన్ తీసెయ్యమంటున్నారు. "బాబాసాహెబ్‌ను దొంగను చేస్తావా, రేపు అవతలి వాడకట్టు వాళ్లు నవ్వరా" అని ఒకటే లొల్లి. ఆయన భార్య రమాబాయి అమ్మ పిడకలు కొట్టే సీన్ కూడా వద్దంట. మీరేమంటారు?

సాగర్_కట్ట:
పెట్టు తమ్ముడూ. మా పిల్లాడు అది చూస్తే నా జేబు జోలికి రాడు 😄

మిర్యాలగూడ_మాస్టారు:
నవ్వులాట కాదిది. దేవరకొండ తమ్ముడూ, నీ మీద కోపం లేదు, నీ ఉద్దేశం మంచిదే. కానీ పెద్దల మాటలో తప్పేముంది? గాంధీ గారు చిన్నప్పుడు అన్న కడియంలోంచి బంగారం ముక్క తీశానని ఆత్మకథలో రాసుకుంటే, ఆహా ఎంత సత్యసంధుడు అని బడి పుస్తకాల్లో పాఠం పెట్టారు. మనాయన అదే చెప్పుకుంటే ఏమంటారో నీకు తెలియదా? ఊళ్లో విగ్రహం పెట్టడానికి జాగా దొరకడమే ఎంత కష్టమైందో నేను కళ్లారా చూసినవాణ్ని. పెట్టిన తర్వాత రాత్రికి రాత్రి వేలు విరగ్గొట్టి పోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అట్లాంటి చోట మన చేతులతో మనమే వాళ్లకు మాట ఎందుకు అందించాలి? ఫోన్‌లో పది సెకన్ల ముక్క కత్తిరించి గ్రూపుల్లో తిప్పుతారు, ముందు వెనక ఎవడు చూస్తాడు?

ఇంట్లో మాట ఇంట్లోనే ఉండాలి. ఆయన మనకిచ్చింది రాజ్యాంగం, హక్కులు. పిల్లలకు అది చెప్పు చాలు.

నారాయణపేట_టు_దాదర్:
మాస్టారు సార్‌కి నమస్తే. నేను ముంబైలో సెంట్రింగ్ పని చేస్తా, పన్నెండో తరగతి దాకా చదివిన. డిసెంబర్ 6 వర్ధంతి వస్తే మా సైట్ మీద సగం మంది ఆయన అంత్యక్రియలు జరిగిన దాదర్ చైత్యభూమికి పోతాం. రెండు రోజుల ముందు నుంచే జనం, శివాజీ పార్కు నిండిపోతది, అన్నం పొట్లాలు పంచుతరు, ఎక్కడ చూసినా పుస్తకాల స్టాళ్లే. ముసలి ఆడవాళ్లు గుడ్డ మూటతో వచ్చి పుస్తకం కొనుక్కుని పోతరు, చదవడం రాకపోయినా మనవడి కోసం అని.

అక్కడోళ్లు ఆయన ఇంటి ముచ్చట ఏం దాచుకోరు సార్. పరేల్‌ల బీఐటీ చాల్ అని వరుస గదుల బిల్డింగ్ ఉంది, దాదర్‌ల రాజగృహ అనే సొంతిల్లు కట్టుకునేదాకా ఇరవై ఏళ్లకు పైగా అందులోనే ఉన్నారు, రెండే గదులు. కొలంబియా డిగ్రీ, లండన్ డిగ్రీ, బారిస్టరు, అన్నీ అయ్యాక కూడా ఆ రెండు గదులే. మేం ఇప్పుడు పది మందిమి కలిసి ఉండే రూములు కూడా దాదాపు అంతే కొలత. పెళ్లి ఎక్కడ జరిగిందో తెలుసా? బైకుల్లా మార్కెట్ షెడ్డులో, రాత్రి చేపలమ్మేవాళ్లు లేచిపోయినంక. పెళ్లికొడుకు వాళ్లు ఒక మూల, పెళ్లికూతురు వాళ్లు ఇంకో మూల, కాళ్ల కింద మురికి నీళ్లు, కూర్చోను చేపలు పెట్టుకునే రాతి గద్దెలు. తెల్లారేలోపు ఖాళీ చేయాలి. నాకు ఈ ముచ్చట తెలిసినప్పుడే ఆయన మనోడు అనిపించింది, అంతకుముందు ఫోటోకు దండం పెట్టేటోణ్ని అంతే.

పిడకల సీన్ ఎందుకు వద్దంటున్నరో నాకు అర్థం కాలే. మా నాన్న భివండీల ఉన్నన్ని ఏండ్లు మా అమ్మ ఊళ్లో చేసింది ఆ పనే, పొద్దంతా కైకిలి, పొద్దుగూకినంక పిడకలు. అందులో సిగ్గేముంది?

అచ్చంపేట_టీచరమ్మ:
నారాయణపేట తమ్ముడు చెప్పింది వంద శాతం. పిడకల విషయంలో మనకు సిగ్గు ఉందేమో గానీ ఆయనకు లేదు. 1928లో తన సొంత పత్రిక బహిష్కృత భారత్‌లో ఆయనే రాశారు. తాను విదేశంలో ఉన్నప్పుడు ఇంటి బరువంతా ఒంటరిగా మోసిన మనిషి, తాను తిరిగొచ్చాక కూడా పేదరికంలో పేడ గంపలు నెత్తిన మోసిన మనిషి, అంత ప్రేమ గల భార్యకు ఇరవై నాలుగు గంటల్లో అరగంట కూడా ఇవ్వలేకపోయానని. అచ్చులో, పదిమంది చదివే పత్రికలో. ఆ రోజుల్లో ఏ నాయకుడు పెళ్లాం గురించి అట్లా రాశాడో చెప్పండి.

నేను ఏటా జయంతి సభలకు పోతాను. వక్తలంతా మగవాళ్లే, రమాబాయి పేరు వస్తే "త్యాగమూర్తి" అని ఒక్క మాటతో దాటేసి మళ్లీ డిగ్రీల్లోకి పోతారు. త్యాగం అంటే ఏంటో చెప్పరు. ఐదుగురు పిల్లల్ని కని నలుగుర్ని మట్టిలో పెట్టింది. తొమ్మిదేళ్లప్పుడు చేసుకున్న పెళ్లి. భర్త 1913లో అమెరికా పోయాడు, 1917లో వచ్చాడు, మళ్లీ 1920లో లండన్, 1923 దాకా రాలేదు. మధ్యలో ఉన్న కొన్నాళ్లు కూడా పుస్తకాలు, కాలేజీ, ఉద్యమం. పండరిపురం పోవాలని ఆమెకు ఒక్క కోరిక ఉండేది. మనల్ని గుడి బయట నిలబెట్టే పండరిపురం మనకెందుకు, మనమే ఇంకో పండరిపురం కట్టుకుందాం అని ఆయన సముదాయించారు. ఆ మాట మనం గొప్పగా చెప్పుకుంటాం. సరే, గొప్పదే. కానీ ఆమె మాత్రం పండరిపురం చూడకుండానే 1935 మే 27న పోయింది.

సాగర్_కట్ట:
అక్కా ఇది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టాను.

మిర్యాలగూడ_మాస్టారు:
టీచరమ్మ గారూ, అరగంట ఇంట్లో ఇచ్చుకుంటూ కూర్చుంటే మనవాళ్లను ముట్టనివ్వని మహద్ చెరువు నీళ్లు ఎవరు తాగించేవారు? లోకం కోసం పని చేసేవాళ్లకు ఇల్లు ఉండదు. ఇది ఇప్పటి లెక్కలతో కొలిచేది కాదు.

అచ్చంపేట_టీచరమ్మ:
నేను కొలవడం లేదు సార్, ఆయనే కొలుచుకున్నారు, పై పోస్టులో రాసింది అదే. ఆయనకున్న ధైర్యం మనకెందుకు లేదు అని నా ప్రశ్న.

ఉద్యమాల్లో తిరిగే మా ఆయన కూడా మీరన్న మాటే అంటాడు, ఇల్లు ఉండదు అని. మరి వచ్చేసరికి అన్నం మాత్రం ఉంటుంది కదా, అది ఎవరు వండారు?

నల్గొండ_లైబ్రరీ_మూల:
అక్కా 👏

పిల్లల మాట వచ్చింది కాబట్టి ఒక ఉత్తరం గురించి చెప్తాను. ఆఖరి కొడుకు రాజరత్న 1926 జులైలో పోయాడు. ఆగస్టులో దత్తోబా పవార్ అనే మిత్రుడికి ఆయన రాసిన ఉత్తరం ఉంది. పిల్లల చావు దెబ్బ నుంచి నేనూ నా భార్యా కోలుకున్నాం అని చెప్పడం ఉత్త నటన అవుతుందంటారు. ముగ్గురు కొడుకుల్ని, ఒక కూతుర్ని పాతిపెట్టామంటారు. మా బతుకులో ఉప్పు పోయింది అంటారు. ఆ చిన్నోడి లాంటి పిల్లాణ్ని అరుదుగా చూశాను, వాడు పోయాక నాకు జీవితం కలుపు నిండిన తోట అని రాస్తారు. ఆ మాటలు రాసింది రూపాయి సమస్య మీద, ప్రభుత్వ ఖజానా లెక్కల మీద పుస్తకాలు రాసిన ఎకనమిస్టు.

ఇప్పుడు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. మహద్‌లో చెరువు నీళ్లు దోసిలితో తాగింది 1927 మార్చి 20న. అంటే బిడ్డ పోయిన ఎనిమిది నెలలకు. ఆ రోజు దెబ్బలు తిన్నవాళ్లను ఓదార్చింది, తిరిగి కొట్టొద్దని వేల మందిని ఆపింది ఈ మనిషే. మహద్ గురించి ఇన్ని ఉపన్యాసాలు విన్నాను, రాజరత్న పేరు ఒక్కదాంట్లోనూ రాలేదు. మాస్టారు సార్, ఇది తెలిస్తే మహద్ చిన్నదవుతుందా పెద్దదవుతుందా?

కొల్లాపూర్_కామ్రేడ్:
లోకం కోసం పని చేసేవాళ్లకు ఇల్లు ఉండదు అన్నారు కదా, మా కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్య గారు, ఆయన భార్య లీల గారు ఉద్యమం కోసమని పిల్లలే వద్దనుకున్నారు. ఆస్తి పంచేశారు, ఎంపీగా సైకిల్ మీద పార్లమెంటుకు పోయారు. ఇద్దరూ కలిసి తీసుకున్న నిర్ణయం అది, ఒకరు తీసుకుంటే ఇంకొకరు మోసింది కాదు. అట్లాంటి ఉదాహరణలు కూడా ఉన్నాయి.

కొల్లాపూర్_కామ్రేడ్:
మన భువనగిరి రావి నారాయణరెడ్డి గారి గురించి కూడా ఎవరైనా రాయండి, నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచాడు అనే ముచ్చట తప్ప ఏమీ తెలియకుండా పోతోంది.

అడ్మిన్:
కామ్రేడ్, మంచి సబ్జెక్టు, వేరే దారం తెరవండి. ఇక్కడ మొదలైతే సాయుధ పోరాటం దాకా పోతుంది, మీ సంగతి నాకు తెలుసు.

దేవరకొండ_పోరడు:
అందరికీ థాంక్స్. అర్ధణా సీన్ ఉంచుతున్నా. మాస్టారు సార్ చెప్పిన పది సెకన్ల ముక్క సంగతి మాత్రం నిజమే, దాని గురించి ఆలోచించి సీన్‌ను తిరగేశాను. ఇప్పుడు ముందు పెద్దాయన వస్తాడు, కోటు వేసుకుని, "నేను చిన్నప్పుడు ఒక పని చేశాను" అని పిల్లలకు ఆయనే చెప్తాడు, తర్వాత సీన్ నడుస్తుంది. ఏ ముక్క కత్తిరించినా ఆయన గొంతు పైన వినిపిస్తుంటుంది. పెద్దమనుషులు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, "చూద్దాం" అన్నారు. మా ఊళ్లో చూద్దాం అంటే సగం ఒప్పుకున్నట్టే. పిడకల సీన్‌లో రమాబాయి వేషం వేసే పిల్ల మాత్రం పట్టుబట్టింది, నిజం పేడతోనే చేస్తానంటోంది, స్టేజీ పాడవుతుందని డెకరేషన్ వాళ్ల టెన్షన్.

ఇంకో చిన్న డౌటు. నవ్వించే ముచ్చట కూడా ఒకటి కావాలి. అంతా ఏడుపే అయితే పిల్లలు లేచిపోతారు.

నల్గొండ_లైబ్రరీ_మూల:
లండన్ అప్పడాలు పెట్టు. అక్కడ ఉన్న ఇంటావిడ మహా పిసినారి, పొద్దున ఒక చిన్న రొట్టె ముక్క, ఒక కప్పు టీ. దాంతో రోజంతా లైబ్రరీ. రాత్రి పదింటికి ఆకలి తట్టుకోలేక, తెలిసినాయన ఇచ్చిన అప్పడాలు రేకు పళ్లెం మీద కాల్చుకుని తినేవారు, మళ్లీ పుస్తకం. ఆర్థికశాస్త్రంలో డి.ఎస్సీ. డాక్టరేటు ఆ అప్పడాల మీద నడిచింది. హాస్టల్ పిల్లలకు ఇంతకంటే దగ్గరి సీన్ దొరకదు.

పుస్తకాల పిచ్చి కూడా చూడు. న్యూయార్క్‌లో పాత పుస్తకాల షాపులు తిరిగి రెండు వేల దాకా కొన్నారు, ఒక మిత్రుడికి అప్పజెప్పి వస్తే చాలా వరకు మాయం. 1917లో తిరిగొచ్చేటప్పుడు సామాను వేరే ఓడలో వేస్తే ఆ ఓడను యుద్ధంలో ముంచేశారు. అయినా బుద్ధి మారలేదు, తర్వాత దాదర్‌లో కట్టుకున్న ఇల్లే పుస్తకాల కోసం కట్టుకున్నట్టు ఉంటుంది.

సాగర్_కట్ట:
ముసలితనంలో వయోలిన్ నేర్చుకున్నారంట కదా? కుక్కలంటే కూడా ప్రాణమంట.

నల్గొండ_లైబ్రరీ_మూల:
అవును, ఢిల్లీలో ఉన్నప్పుడు మాస్టారును పెట్టుకుని నేర్చుకున్నారు. ఫౌంటెన్ పెన్నులు, తోటపని, అప్పుడప్పుడు తానే వంట. మన విగ్రహాల్లో చేతికి ఎప్పుడూ పుస్తకం ఒక్కటే ఇస్తాం.

వనపర్తి_వకీలు:
ఇప్పటిదాకా అంతా కన్నీళ్లు, అప్పడాలు. మనిషి అంటే కోపం కూడా ఉండాలి కదా. మన నిజాం ఇలాకాలోనే జరిగింది ఒకటుంది, ఆయనే రాసి పెట్టారు. 1934లో మిత్రులతో ఎల్లోరా చూడటానికి పోతూ దౌలతాబాద్ కోటకు వచ్చారు. రంజాన్ నెల. దుమ్ము కొట్టుకుపోయి ఉన్నారు, కోట గుమ్మం దగ్గర తొట్టిలో నీళ్లతో మొహాలు కడుక్కున్నారు. ఒక ముసలాయన తొట్టి మైల చేశారని కేకలేసుకుంటూ వచ్చాడు, జనం పోగై తిట్లు. బారిస్టరు, రౌండ్ టేబుల్ సమావేశాలకు పోయొచ్చిన మనిషి, నీళ్ల తొట్టి దగ్గర తిట్లు తిన్నారు. అప్పుడు ఆయనకు బాగా కోపం వచ్చి, మీ మతం నేర్పేది ఇదేనా, మేం మీ మతంలోకి వస్తే అప్పుడూ ఈ నీళ్లు ముట్టనివ్వరా అని నిలదీశారు. జనం నోరు మూతపడింది. చివరికి ఒక సిపాయి వెంట కాపలా వస్తే గానీ కోట చూడనివ్వలేదు, లోపల ఎక్కడా నీళ్లు ముట్టకుండా చూడమని.

అదే హైదరాబాద్ 1953లో ఉస్మానియా నుంచి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. మధ్యలో ఎన్నేళ్లు? ఇరవై కూడా కాలేదు.

అచ్చంపేట_టీచరమ్మ:
రమాబాయి గురించి ఇంత మాట్లాడాం, మరి మాయిసాహెబ్ గురించి ఎవరూ ఎత్తరేం? ఆయన రెండో భార్య, డాక్టర్ సవిత. 1948 ఏప్రిల్ 15న పెళ్లి, ఢిల్లీలో, రిజిస్ట్రార్ ముందు. రాజ్యాంగం పని నడుస్తున్న రోజులు. షుగరు, బీపీ, కాళ్ల నరాల నొప్పులు, రాత్రుళ్లు నిద్ర లేదు. ఆ ఒంటితో ఆయన అంత పని చేశారంటే పక్కన ఒక డాక్టరు ఇన్సులిన్, తిండి చూసుకుంటూ ఉంది కాబట్టే కదా.

మిర్యాలగూడ_మాస్టారు:
అమ్మా, ఆ పేరు ఎత్తితే మాత్రం నేను ఒప్పుకోను. రమాబాయి తర్వాత ఆ స్థానం ఎవరికీ లేదు. పైగా ఆయన మరణం మీద ఎన్ని అనుమానాలు వచ్చాయో మీకు తెలుసు.

వనపర్తి_వకీలు:
తెలుసు మాస్టారు, అనుమానాల మీద విచారణ కూడా జరిగింది, సహజ మరణం అని తేలింది. విచారణ ముగిశాక కూడా నిందలు మోస్తే దాన్ని ఏమనాలి? ఒక మాట అడుగుతా. ఆమె బ్రాహ్మణ కుటుంబంలో పుట్టకపోతే ఇంత అనుమానం వచ్చేదా? కులం చూసి మనిషిని కొలవొద్దని చెప్పినాయన ఇంట్లోనే మనం ఆ పని చేశాం.

మిర్యాలగూడ_మాస్టారు:
కులాన్ని మేం కొత్తగా కనిపెట్టలేదు వకీలు గారూ. పొడిచినవాళ్లు పొడిచారు, అందుకే జాగ్రత్త.

నారాయణపేట_టు_దాదర్:
నాకు ఒక్కటే అనిపిస్తది. రమాబాయమ్మ ఉన్నప్పుడు మందులకు పైసల్లేవు, మాయిసాహెబ్ వచ్చేనాటికి ఒంట్లో ఏమీ మిగల్లేదు. ఇద్దరికీ సగం సగం మనిషే దొరికిండు. మిగతాదంతా మనకే వచ్చింది.

అచ్చంపేట_టీచరమ్మ:
మాస్టారు గారూ, రమాబాయి స్థానం ఆమెకే, ఎవరూ లాక్కోలేదు. రమాబాయి పోయిన రోజు ఆయన గదిలో తలుపేసుకుని ఏడ్చారు, గుండు చేయించుకున్నారు. ఐదేళ్లకు పాకిస్తాన్ మీద పుస్తకం రాసి "రామూ జ్ఞాపకానికి" అని అంకితం ఇచ్చారు, ఆమె మంచి మనసుకు, తిండికీ బట్టకూ కరువైన రోజుల్లో తనతో పాటు ఓర్చుకున్నందుకు. రాజకీయ పుస్తకం మొదటి పేజీలో భార్య ముద్దు పేరు.

అట్లాగే బుద్ధుడి మీద రాసిన పెద్ద పుస్తకానికి 1956లో ఒక ముందుమాట రాశారు. అందులో తన ఆయుష్షును పొడిగించింది తన భార్య, తనకు వైద్యం చేసిన డాక్టర్ మాల్వంకర్ ఇద్దరూ అని కృతజ్ఞత చెప్పుకున్నారు. ఆయన పోయాక పుస్తకం 1957లో అచ్చయింది, ఆ ముందుమాట లేకుండా. ఆయన రాసుకున్న మాటనే తీసేశారు. దేవరకొండ తమ్ముడి పెద్దమనుషులు సీన్ తీసెయ్యమనడం కొత్తేమీ కాదు, అదీ నేను చెప్పేది.

1990లో భారతరత్న ఆయన తరఫున రాష్ట్రపతి చేతుల నుంచి అందుకున్నది ఆమే. 2003లో పోయింది. మన జిల్లాలో ఒక్క ఫ్లెక్సీ మీద ఆమె ఫోటో చూశారా ఎవరైనా?

సాగర్_కట్ట:
నేను చూడలేదు.

కొల్లాపూర్_కామ్రేడ్:
నేనూ చూడలేదు.

మిర్యాలగూడ_మాస్టారు:
ఆ ముందుమాట నేను చదవలేదు. నా దగ్గర ఉన్న తెలుగు పుస్తకంలో లేదు, ఇప్పుడే తీసి చూశాను. ఇంగ్లిష్‌లో పూర్తిగా ఉన్న కాపీ ఎవరి దగ్గరన్నా ఉందా? ఫోన్‌లో పంపకండి, చిన్న అక్షరాలు కనిపించవు. చదివి మాట్లాడతా. చదివినా నా అభిప్రాయం మారుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.

నల్గొండ_లైబ్రరీ_మూల:
నా దగ్గర ఉంది సార్. పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీయిస్తా, రేపు పొద్దున మిర్యాలగూడ బస్సుకు కార్గోలో వేస్తా. అడ్రసు, నంబరు ఇక్కడ రాయకండి, నాకు విడిగా పంపండి.

దేవరకొండ_పోరడు:
అన్నా, ప్రింట్ తీస్తున్నావు కదా, నాకు కూడా ఒకటి. 1926 ఉత్తరం కూడా కలిపి పంపు, పైసలు ఫోన్‌పే చేస్తా.